మహామారియు, ఆరోగ్య భీమాయు: పడమటి తాలూకాల కోరిక
(ఆత్మకూరు పఠనమందిర సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రపంచారోగ్య సంస్థ 2020 జనవరి 30వ తేదీన ప్రకటించిన కరోనా అత్యవసర పరిస్థితిని 2023 మే 5వ తేదీన ఉపసంహరించెను. ఆపద తొలగినంతనే దానిని మరచుట మానవ స్వభావము. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వ మొదలిడుట అవివేకమని ఎల్లరు నెరుగుదురు. కాని మంట చల్లారిన పిమ్మటనైనను నుయ్యి త్రవ్వకుండుట అంతకంటె అవివేకము. కావున నేడు మేము గతమును తలచుటకు గాక, రేపటికి సిద్ధపడుటకై నాలుగు మాటలు మనవి చేయబూనితిమి.

1918వ సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా వచ్చినపుడు మన దేశమున కోటికి పైబడి జనులు నశించిరి. నాడు పేదవాని వైద్యవ్యయమును భరించు ఏర్పాటేదియు లేకుండెను. 1948లో కార్మిక రాజ్య భీమా చట్టము వచ్చెను గాని అది కర్మాగార కార్మికుల కొరకు పుట్టినది. మెట్ట రైతునకు, కూలివానికి, ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కు స్త్రీకి అందు చోటు లేదు. ఆ లోటు మన రాష్ట్రమున 2007లో ఆరోగ్యశ్రీ పథకముతో తీరనారంభించెను. మొదట భీమా కంపెనీ ద్వారా నడచిన ఆ పథకము క్రమముగా ట్రస్టు చేతికి వచ్చెను. 2018లో కేంద్ర ప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ పథకమును నెలకొల్పి, కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వరకు వైద్యమును హామీ యిచ్చెను.

ఇట్టి పథకములకు మహామారియే నిజమైన పరీక్ష. ఆంధ్రదేశమున మొదటి కరోనా రోగి బయల్పడినది మన నెల్లూరులోనే. 2020 మార్చిలో ఇటలీనుండి వచ్చిన యొక విద్యార్థికి ఆ వ్యాధి యున్నట్లు తేలెను. మరుసటి నెలలోనే రాష్ట్ర ప్రభుత్వము కరోనా చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చెను. ఆ సంవత్సరము జూలైలో సామాన్య రోగికి దినమునకు 3,250 రూపాయలనియు, వెంటిలేటరుపై నున్నవానికి 9,580 రూపాయలనియు రేట్లు నిర్ణయించిరి. 2021 మే నెలలో, రెండవ ఉప్పెన నడుమ, నల్ల శిలీంధ్రపు వ్యాధిని గూడ చేర్చి, ప్రైవేటు ఆసుపత్రులలో సగము పడకలు ఆరోగ్యశ్రీ రోగులకే యియ్యవలెనని శాసించిరి. పొరుగున తెలంగాణములో కరోనా చికిత్స ఆరోగ్యశ్రీలో చేరలేదు. ప్రభుత్వాసుపత్రులలో ఉచిత వైద్యము కలదు గాని, ప్రైవేటు ఆసుపత్రికి పోయినవాడు తన సొమ్మునే వ్యయపరుపవలసివచ్చెను. ఆ రాష్ట్రము ఆయుష్మాన్ భారత్‌లో చేరుటయు 2021 మే నెలలోనే జరిగెను.

మన ప్రభుత్వము చేసినది మంచి పని. మంచిని మంచి యనుటకు మేము సంకోచింపము. ఆసుపత్రులతో ఒప్పందములు, రోగికి దారిచూపు ఆరోగ్యమిత్రలు, చెల్లింపు పద్ధతి ముందే యుండుటచేతనే నెల దినములలో అంత పని సాధ్యమయ్యెను. ఏర్పాటు లేనిచోట ఉత్తరువు కాగితముగానే మిగిలిపోవును.

అయినను, సోదరులారా, కార్డు వేరు, పడక వేరు. భీమా బిల్లును చెల్లించును గాని దూరమును తగ్గింపలేదు. ఉదయగిరినుండి నెల్లూరునకు సుమారు 100 కిలోమీటర్లు. ఆత్మకూరునుండి అందులో సగము. సీతారామపురము కొండల క్రింద నుండువాడు ఉదయగిరి చేరుటకే ముందొక ప్రయాణము చేయవలెను. మర్రిపాడు, అనంతసాగరము, వరికుంటపాడు గ్రామములవారికిని పెద్ద ఆసుపత్రి యనిన నెల్లూరే. ఊపిరాడని రోగికి ప్రాణవాయువు గడియలలో కావలెను. కార్డు జేబులో నుండగా దారిలో ప్రాణము పోయిన, ఆ భీమా ఎవరికి భీమా?

వైద్యము దూరమైనచోట జనము దగ్గరనున్న ఆశను పట్టుకొందురు. 2021 మే నెలలో మన జిల్లాలోని కృష్ణపట్నమున ఆకుమందునకై వేలకొలది జనులు గుమిగూడుటయు, ప్రభుత్వము పంపిణీని ఆపి మందును పరీక్షకు పంపుటయు లోక మెరుగును. ఆ జనమును మూఢులని పరిహసించుట సులభము. తమ యూరి వైద్యశాలలో పడక దొరకునను నమ్మకమే వారికి కలిగియున్నచో, అందెందరు ఎండలో బారులు తీరియుందురో పరిహసించువారు ఆలోచింపవలెను.

రెండవ చిక్కు సొమ్మునకు సంబంధించినది. ప్రభుత్వము బకాయిపడిన ఆసుపత్రి పేదవానికి తలుపు మూయును. 2024లో ఈ పథకము మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరు దాల్చెను. 2025 అక్టోబరులో బకాయిలు తీర్పుమని ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు నిలిపిన సంగతి మీ రెరిగినదే. పేర్లు మారిన కొరత లేదు. పద్దు తీరకున్న కొరత. శాంతికాలముననే తలుపులు మూతపడుచుండ, మహామారి నాడు అవి తెరచియుండునని యెట్లు నమ్ముదుము?

కావున మేము కోరునవి నాలుగు. మహామారి ప్రకటింపబడిన దినముననే ఆ వ్యాధి, వేరొక ఉత్తరువుకై వేచియుండక, పథకములో చేరినట్లు శాసనముండవలెను. ఆసుపత్రుల బాకీలు గడువులోపల తీర్చి, ఆపత్కాలమునకై ప్రత్యేక నిధి నుంచవలెను. ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వ వైద్యశాలలలో ప్రాణవాయువును, దానిని నడుపు నేర్పరులును ఎల్లకాలము నుండవలెను. యంత్రముండి మనిషి లేకున్న అది ఇనుపముద్దయే. పడమటి మండలములకు చాలినన్ని 108 వాహనములు రాత్రింబవళ్లు సిద్ధముగా నుండవలెను.

ఇవి భిక్షగా నడుగుట లేదు. పన్ను కట్టు ప్రతి పౌరునకును ఇది హక్కు. మీ పంచాయతీ సభలలో, మీ శాసనసభ్యుని యెదుట, ఈ నాలుగు మాటలను విసువక పలుకుడు. వ్యాధి మరల వచ్చునపుడు మనకు కబురంపి రాదు. అది వచ్చులోపల నుయ్యి త్రవ్వుకొందము.