సిమ్యులేటర్‌లో కొత్తపట్నం దారి

కొత్తపట్నంలో విమానాశ్రయం లేదు. అయినా కంప్యూటర్ సిమ్యులేటర్‌లో గన్నవరం విమానాశ్రయం నుంచి నైరుతిగా సుమారు 135 కిలోమీటర్లు ఎగిరితే మన తీరం చూడొచ్చు.

సిమ్యులేటర్ విమానంలోని గార్మిన్ 430 జీపీఎస్ జాబితాలో మన ఊరు దొరకదు. అందుకే ముందు యూజర్ వేపాయింట్‌గా (మనమే పెట్టుకునే గమ్య బిందువు) ఒక పేరు పెట్టి, 15 డిగ్రీల 27 నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 10 నిమిషాల తూర్పు అని ఎక్కించాలి. పెద్ద నాబ్ కర్సర్‌ను జరుపుతుంది, చిన్నది అక్షరాలు మారుస్తుంది. ఇక్కడే జాగ్రత్త! నిమిషాలను దశాంశాలనుకుని 15.27, 80.10 అని కొడితే సుమారు 20 కిలోమీటర్లు దక్షిణాన తేలతాం.

తర్వాత బాణం గుర్తున్న డి బటన్ నొక్కి, ఆ పేరు ఎంచుకుని, ఎంటర్ రెండుసార్లు నొక్కాలి. తెర మీద ముదురు గులాబీ గీత వస్తుంది. విమానం ఆ గీత పట్టకపోతే దారి చూపే సూచిక దేన్ని అనుసరించాలో మార్చే సీడీఐ బటన్ చూడండి. అది జీపీఎస్ మీద ఉంటేనే ఆటోపైలట్ నావ్ మోడ్ ఆ గీత వెంట నడుస్తుంది.