నేవీ బాబాయి గారు విడిచి వెళ్లిన అలవాటు

(శ్రీకాకుళం జిల్లాలోని ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సంతాప సభలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



మన సంఘ పూర్వాధ్యక్షులు, మీరంతా నేవీ బాబాయి అని పిలుచుకున్న పెద్దమనిషి నేడు మన మధ్య లేరు. సంతాప సభలో నాలుగు మంచి మాటలు చెప్పి లేచిపోవడం పరిపాటి. మేము సహకార శాఖవాళ్లము, లెక్క చూడనిదే మాట్లాడే అలవాటు లేదు. ఆయన ఈ సంఘానికి ఏమి ఇచ్చి వెళ్లారో, దానిని నిలుపుకోవడానికి మనమేమి చేయాలో మనవి చేస్తాము.

ఆయన 1966లో విశాఖపట్నంలోని ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌లో శిక్షణకు చేరారు. తర్వాత విమానవాహక నౌక విక్రాంత్ బాయిలర్ గదిలో పనిచేశారు. 1971 డిసెంబరు యుద్ధంలో ఆ నౌక బంగాళాఖాతం నుంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదికి విమానాలను పంపింది. అప్పటికే దాని నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి ఉంది. మిగిలిన మూడింటితోనే పని నడిపారు. అటువంటి చోట గేజి ముల్లు ఎంత చూపితే అంతే పుస్తకంలో రాయాలని, పైవారి మెప్పు కోసం ఒక్క అంకె పెంచినా ఓడకే ముప్పని ఆయన చెబుతుండేవారు.

1981లో పింఛనుతో ఊరు చేరి రెండు గేదెలు కొన్నారు. సంఘంలో పాల పరీక్ష బాధ్యత తీసుకున్నారు. బల్లను గదిలోంచి వసారాలోకి మార్పించారు. లాక్టోమీటరు అంకె, వెన్నశాతం పాలు పోసినవారి ఎదుటే పైకి చదివి రాయడం ఆయన పెట్టిన పద్ధతే.

ఈ రెండు పరీక్షలూ ఎందుకో కొత్త సభ్యుల కోసం చెబుతాము. పాలలో నీళ్లు కలిస్తే లాక్టోమీటరు లోతుకు దిగుతుంది. వెన్న తీస్తే పైకి తేలుతుంది. రెండూ చేసిన పాలలో అది మామూలు అంకె చూపి మోసపోవచ్చు. అందుకే వెన్నశాతం కూడా చూడాలి.

1996లో ఆయన సొంత అన్నగారి పాలలోనే నీళ్లు కనబడ్డాయి. పాలు తిప్పి పంపారు. అన్నగారు మండిపడి, భూమి పంపకాల కక్షతో తమ్ముడు దొంగ అంకెలు రాశాడని అర్జీ పెట్టారు. విచారణకు మేమే వచ్చాము. మర్నాడు వేకువన నలుగురు సభ్యుల ఎదుట అన్నగారి గేదెలను పితికించి, ఆ పాలను అక్కడే నమూనా తీసి పరీక్షించాము. నిక్షేపమైన పాలు. అంటే గేదెల లోపం లేదు, పరీక్షలో పక్షపాతమూ లేదు. నీళ్లు పాకకూ సంఘానికీ మధ్య కలిశాయి. ఎవరు కలిపారో ఆ ఇంటివారే తేల్చుకున్నారు. మర్నాటి నుంచి పాలు సరిగా వచ్చాయి.

అయినా అన్నదమ్ముల మధ్య మాటలు లేవు. బాబాయి గారు అన్నం సహించక బాధపడ్డారని పిన్నిగారు మాతో అన్నారు. కానీ రాసిన అంకె దిద్దలేదు. అన్నగారి గుమ్మం ఎక్కడమూ మానలేదు. సాయంత్రం కాగానే అన్న పిల్లలను, తన పిల్లలను వెంటబెట్టుకుని వాలీబాల్ ఆటకు తీసుకుపోయేవారు. ఏడాది తిరిగాక అన్నగారి అమ్మాయి పెళ్లిలో హార్మోనియం ముందు కూర్చున్నది ఆయనే. పక్కన తాళం వేసింది అన్నగారు. మేము కళ్లారా చూశాము.

పాటంటే ఆయనకు ప్రాణం. ఘంటసాల పద్యం వినిపిస్తే చేతిలో పని ఆగిపోయేది. తప్పెటగుళ్ల బృందం వస్తే తెల్లవారేదాకా కదిలేవారు కారు. కుమార్తెకు వయొలిన్ నేర్పించాలని, 1919లో స్థాపించిన విజయనగరం సంగీత కళాశాలకు ఆమెను బస్సులో తీసుకువెళ్లి చేర్పించారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి కాంస్య పతకం గెలిచినప్పుడు, ఇకమీద వాలీబాల్ ఆటస్థలం మగపిల్లలకు ఎంతో ఆడపిల్లలకూ అంతేనని ప్రకటించి, వల తానే కొని తెచ్చారు.

ఇక అసలు విషయం. ఇప్పుడు యంత్రం వచ్చింది, అంకె దానంతటదే పడుతుంది, వసారాలో గుంపు ఎందుకు, బల్ల లోపలికి మార్చుదామని కొందరు సభ్యులు మాతో అన్నారు. యంత్రం మంచిదే. కానీ దానినీ రోజూ శుభ్రం చేయాలి, సరిగా చూపుతోందో లేదో అప్పుడప్పుడు సరిచూడాలి. అంకె కనబడని చోట అనుమానం పుడుతుంది. అనుమానం పుట్టిన సంఘం నుంచి ముందు మంచి పాలు పోసేవారే వెళ్లిపోతారు.

కనుక మా మనవి ఇది. బల్ల వసారాలోనే ఉండనివ్వండి. అంకె పాలు పోసినవారికి కనబడనివ్వండి. ఎవరైనా సందేహపడితే కోపగించక, వారి పాక వద్దకే వెళ్లి ఎదుట పితికించి చూడండి. ఫొటోకు దండ వేయడం ఒక్కరోజు పని. ఈ అలవాటు నిలుపుకోవడం రెండు పూటలా చేయవలసిన పని.

పిన్నిగారికి, పిల్లలకు, అన్నగారి కుటుంబానికి మా శాఖ తరఫున సానుభూతి తెలియజేస్తూ సెలవు తీసుకుంటున్నాము.