'టోక్యో స్టోరీ': ఎవరినీ తిట్టనివ్వని కెమెరా

ఈ రోజు యసుజిరో ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ' గురించి మాట్లాడుకుందాం. ముందే ఒక మాట ఒప్పుకుంటాను. మొదటిసారి చూసినప్పుడు నాకు సగంలోనే నిద్ర వచ్చింది.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. ఒనొమిచి అనే సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. పెద్ద కొడుకు డాక్టరు. కూతురు బ్యూటీ పార్లరు నడుపుతుంది. ఇద్దరికీ తీరిక లేదు. యుద్ధంలో పోయిన రెండో కొడుకు భార్య నొరికో ఒక్కతే ఆఫీసుకు సెలవు పెట్టి వాళ్ళకి ఊరు చూపిస్తుంది. తిరిగి ఇంటికి చేరాక తల్లి చనిపోతుంది. అంతే.

ఇలాంటి కథ మనకేం కొత్త కాదు. 1972లో వచ్చిన 'బడిపంతులు'లో కూడా పిల్లలు తల్లినీ తండ్రినీ పంచుకుంటారు. కొడుకుల్ని తిట్టుకుంటూ మనం ఏడుస్తాం. ఆ ఏడుపులో ఒక సుఖం ఉంది, ఎందుకంటే తప్పు చేసింది వాళ్ళు, మనం కాదు. ఓజు మనకి ఆ సుఖం ఇవ్వడు. అది ఎలా చేస్తాడనేదే నాకు ముఖ్యం.

ముందు కెమెరా ఎత్తు చూడండి. చాప మీద కూర్చున్న మనిషి కంటికి సమానంగా, చాలాసార్లు అంతకన్నా కిందే ఉంటుంది. దాదాపు కదలదు. పై నుంచి చూసి తీర్పు చెప్పే చోటు కాదది. మనం కూడా ఆ ఇంట్లోనే ఓ మూల కూర్చున్నట్టుంటుంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒక్కొక్కరినీ విడిగా, దాదాపు మన కళ్ళలోకే చూస్తున్నట్టు తీస్తాడు. కూతురు విసుక్కుంటే ఆ విసుగు మొహం నేరుగా మన ముందే ఉంటుంది. అదే కూతురు, తల్లి ఇక బతకదని తెలిసి భోరున ఏడ్చినప్పుడు కూడా అదే ఎత్తు, అదే దూరం. కాసేపటికే, అంత్యక్రియల భోజనం దగ్గర, అమ్మ బట్టల్లో తనకేవి కావాలో అడుగుతుంది. కెమెరా అప్పుడూ దగ్గరికి వెళ్ళి "చూడు దీని బుద్ధి" అనదు. ఏడుపూ నిజమే, ఆ అడగడమూ నిజమే.

ఇప్పుడు అతామి ఘట్టం. పిల్లలు డబ్బులు పోగేసి అమ్మానాన్నల్ని అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపిస్తారు. పైకి ప్రేమే, లోపల మాత్రం కాస్త వదిలించుకోవడం. రాత్రి పక్క గదుల్లో పేకాటలాంటి మాజాంగ్ ఆట, పాటలు, గోల. ఓజు ఆ గోల చేసే కుర్రాళ్ళ మీద కోపం తెప్పించడు. గది గుమ్మం ముందు పక్కపక్కనే పెట్టిన రెండు జతల చెప్పుల్ని చూపిస్తాడు. లోపల ఇద్దరూ నిద్ర పట్టక దొర్లుతుంటారు. పొద్దున సముద్రం గోడ మీద కూర్చుని ఇక ఇంటికి పోదామనుకుంటారు. లేవబోతూ ఆవిడ ఒక్క క్షణం కళ్ళు తిరిగి ఆగిపోతుంది. అంతే, క్లోజప్ లేదు.

నాలుగేళ్ళ కిందట మా అమ్మానాన్న హైదరాబాదు మా ఇంటికి వచ్చారు. ఆ వారం నాకు ఆఫీసులో పని ఎక్కువ. బోర్ కొడుతుందేమోనని, అవును, ఈ మాటే అన్నాను, వాళ్ళని టూరు బస్సు ఎక్కించాను. సాయంత్రం నాన్న "బాగుంది రా, అన్నీ చూశాం" అన్నాడు. ఆ తర్వాత రెండోసారి ఈ సినిమా పెట్టుకుంటే, ఆ చెప్పుల దగ్గర పాజ్ చేసి లేచి వెళ్ళిపోయాను. సినిమాలో ఎవరైనా ఆ కూతుర్ని గట్టిగా తిట్టి ఉంటే, నేను హాయిగా కూర్చుని చూసేవాణ్ణి.

ఇంకోటి, ఓజు చూపించకుండా వదిలేసేవి. తిరుగు ప్రయాణంలో తల్లికి రైల్లో జబ్బు చేయడం మనకి కనపడదు, ఒసాకాలో ఉండే కొడుకు మాటల్లో వింటాం. ఆమె ప్రాణం పోయే క్షణం కూడా లేదు. ఒక సీనులో స్పృహ లేకుండా ఉంటుంది, తర్వాతి సీనుకి మొహం మీద గుడ్డ. మధ్యలో ఖాళీ రేవు, ఖాళీ ప్లాట్‌ఫారం. వీటికి విమర్శకులు పిల్లో షాట్లని పేరు పెట్టారు. నాకైతే అవి పిల్లల వైపు నుంచి చూస్తున్నట్టే అనిపిస్తాయి. దూరంగా ఉన్నవాళ్ళకి తెలిసేది అలాగే కదా! ఒక ఫోను, ఒక టెలిగ్రాం. జరగాల్సింది అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

సినిమా మొదట్లో ఇద్దరూ చాప మీద కూర్చుని బ్యాగు సర్దుకుంటూ, గాలి దిండు నీ దగ్గరుందంటే నీ దగ్గరుందని వాదించుకుంటారు. కిటికీ దగ్గర పక్కింటావిడ ఆగి పలకరిస్తుంది. చివర్లో అదే గది, అదే కిటికీ, అదే పక్కింటావిడ. ఈసారి ముసలాయన ఒక్కడే విసనకర్రతో ఉంటాడు. ఆవిడ కూర్చున్న చోటు ఖాళీ. ఓజు ఆ చోటు వైపు వేలు పెట్టి చూపించడు, కెమెరాని ముందున్నట్టే ఉంచేస్తాడు. వెతుక్కోవలసింది మన కళ్ళే.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే నొరికో పాత్ర వేసిన సెత్సుకో హారా నటించిన 'లేట్ స్ప్రింగ్', 1949. పెళ్ళి కావాల్సిన కూతురు, ఒంటరి తండ్రి. వీలైతే ముందే చూసి రండి.