శబరి నీరు – కార్మికుని హక్కు
(కొంటాలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైలు పట్టాలు లేని ఈ కొంటాలో, వేతనాల గురించి మాట్లాడవలసిన సభలో మురుగునీటి ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. పోరాడి సాధించుకున్న కరువుభత్యం ఆసుపత్రికీ, కొనుక్కునే తాగునీటికీ పోతే కార్మికునికి మిగిలేదేమిటి? పరిశుభ్రమైన నీరు కూడా వేతనంలో భాగమేనని మనం గ్రహించాలి.

కొరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టిన నది ఇక్కడ శబరి. ఒక గట్టు ఛత్తీస్‌గఢ్, ఎదుటి గట్టు ఒడిశా, దిగువ ఆంధ్రప్రదేశ్. కొంటా సమీపంలో సీలేరును కలుపుకొని కూనవరం వద్ద గోదావరిలో చేరుతున్నది. అక్కడినుండి పాపికొండల మీదుగా రాజమహేంద్రవరానికి, డెల్టా పంటకాలువలకు సాగుతున్నది. ఎగువ ఊరి మురుగు దిగువ ఊరి బిందెలోకి చేరుతుంది. ఇది ఒకవైపే కాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని కొంటాను ముంచింది. వరద వచ్చిన ఊళ్లో మురుగుకాలువ, సెప్టిక్ ట్యాంకు, బావి ఒకటైపోతాయి.

దేశ పరిస్థితి చూడండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కల ప్రకారం పట్టణాలలో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడుతున్నది. శుద్ధికేంద్రాల స్థాపిత సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది సుమారు 20,236 మాత్రమే. కట్టిన కేంద్రాలు కూడా పూర్తిగా ఎందుకు పనిచేయడం లేదు? శుద్ధికేంద్రం కట్టి, ఇళ్లను కలిపే గొట్టాలు వేయరు. గాలి పంపే యంత్రాలకు విద్యుత్ బిల్లు చెల్లించరు. శిక్షణ లేని కాంట్రాక్టు కూలీకి తాళాలు అప్పగిస్తారు. మురుగును తినివేసే సూక్ష్మజీవికి గాలి కావాలి. దానిని కాపాడే కార్మికునికి ఉద్యోగ భద్రత కావాలి.

చట్టాలకు కొరత లేదు. జలకాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. మూడేళ్లలో శుద్ధికేంద్రాలు నెలకొల్పాలని, నిధుల లేమి సాకు కాదని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్థానిక సంస్థలకు స్పష్టం చేసింది. ఆ గడువు ఏనాడో తీరిపోయింది.

రైల్వే సోదరులకు ఒక అనుభవం ఉన్నది. దశాబ్దాలపాటు బోగీలలోని మలం నేరుగా పట్టాలపై, గోదావరి వంతెనలపై పడేది. దానిమీద నడిచి పట్టాలు సరిచేసినవాడు గ్యాంగ్‌మన్; స్టేషన్లలో దానిని ఎత్తినవారు పారిశుద్ధ్య కార్మికులు. రక్షణ పరిశోధన సంస్థ సహకారంతో బోగీల కింద జీవ మరుగుదొడ్ల తొట్లు అమర్చారు. సూక్ష్మజీవులు మలాన్ని అక్కడే జీర్ణం చేస్తాయి. వేల బోగీలలో సాధ్యమైనది ఒక చిన్న పట్టణానికి అసాధ్యమా?

చిన్న ఊళ్లకు మహానగరాల యంత్రాలు అక్కరలేదు. స్థలం ఉన్నచోట విద్యుత్ అవసరం అంతగా లేని ఆక్సీకరణ చెరువులు చాలు. సెప్టిక్ ట్యాంకుల మలవ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం వరంగల్‌లో 2017లోనే ప్రారంభమైంది. కొంటాలో మాత్రం స్థలాన్ని వరదమట్టానికి ఎగువనే ఎంచుకోవాలి.

చివరగా, మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడు మన వర్గంవాడే. మనుషులచేత మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగుగుంతల్లో దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా మరణించినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారమివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మనకు కావలసింది మరణానంతర పరిహారం కాదు, మరణం లేని పని.

కావున మన డిమాండ్లు ఇవి:

1. నదీతీర పట్టణాలన్నిటిలో తగిన శుద్ధికేంద్రాలు నిర్మించి, నిర్వహణకు ఏటా నిధి కేటాయించాలి.
2. వాటి సిబ్బందిని శాశ్వతం చేసి, శిక్షణ, రక్షణ పరికరాలు ఇవ్వాలి.
3. నీటి పరీక్షల ఫలితాలను ప్రజలకు తెలిసేలా తెలుగు, హిందీ, ఒడియా, గోండి భాషలలో ప్రకటించాలి.
4. రైల్వే, తపాలా కాలనీల మురుగును శుద్ధి చేయకుండా కాలువలలోకి వదలరాదు.

నాలుగవది మన ముంగిటి పని. ప్రతి శాఖ తన కాలనీ మురుగు ఎక్కడికి పోతున్నదో ఈ నెలలోనే తెలుసుకొని కార్యవర్గానికి నివేదిక పంపాలని కోరుతున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!