బొమ్మల ఫ్యాక్టరీలు – మన ఆడపిల్లలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



కేంద్రం బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి నుంచి ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. చైనా సరుకు తగ్గి, ఇక్కడి ఫ్యాక్టరీలు పెరిగాయి. శ్రీసిటీలో పాల్స్ ప్లష్ వారి మెత్తని బొమ్మలు కుట్టేది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళే. మన రాష్ట్రంలో చౌటుప్పల్ దగ్గరి దండుమల్కాపూర్‌లో బొమ్మల పార్కు పెడతామని ప్రభుత్వం ప్రకటించింది.

సంతోషమే. కాని ఫ్యాక్టరీ పెరిగినంత మాత్రాన బోరబండ పిల్లకు పని దొరుకుతుందా? దూరం యాభై కిలోమీటర్లకు పైనే. ఏ తల్లి ఒంటరిగా పంపుతుంది?

ఇంకొక మాట. మా దగ్గర పది పాసైన అమ్మాయి ఒకతె, కుట్టుపని బాగా వచ్చినది, ఒక ఫ్యాక్టరీకి వెళ్ళి తెలుగు ఫారం నింపలేక తిరిగి వచ్చేసింది. ఆ తప్పు ఆమెది కాదు, పంతుళ్ళమైన మాది.

అందుకని సంఘాన్ని కోరేది రెండే: నాలుగు జుకీ మిషన్లు, పిల్లలను తీసుకెళ్ళి తెచ్చే ఒక వ్యాను. సాయంత్రం తెలుగు క్లాసు మేము ఊరికే చెబుతాము. రేపటి నుంచే మొదలుపెడదాం. సెలవు.