జాబునకు జవాబు: అక్షరమునకు రక్ష
(సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో జాబునకు గల విలువ మనమెరుగనిది కాదు. పెండ్లి కబురును, పురిటి కబురును మోసికొనివచ్చిన ఆ జాబులకు మన యింట తెలుగును నిలుపుటలోను పాలు కలదు. నేడు జాబు మరియొక మేలునకు ఉపకరించుచున్నది. దానిని గూర్చియే మేము మనవి చేయదలచినాము.

కంప్యూటరులను, చేతి ఫోనులను నడిపించు సాఫ్ట్‌వేరులలో అనేకము బహిరంగ చర్చల మూలమున రూపొందుచున్నవి. 2008లో ప్రారంభమైన గిట్‌హబ్ అట్టి చర్చలకు ప్రసిద్ధ స్థానము. అచట ఖాతా తెరచి ఒక చర్చలో చేరినవారికి, అందు ఇతరులు వ్రాసిన మాటలు ఈమెయిలుగా వచ్చును. ఆ మెయిలునకు మామూలుగా ప్రత్యుత్తరము పంపిన చాలును. అది మన పేరిట ఆ చర్చలోనే వ్యాఖ్యగా ప్రకటితమగును. ప్రత్యుత్తరము చేరవలసిన చిరునామాలో ఒక గుర్తు ఇమిడియుండును. జవాబు ఎవరిది, ఏ చర్చకు చెందినది అన్న సంగతి దానివలన తెలియును. డెబియన్ వారి పద్ధతి ఇంకను సులువు. వారు ప్రతి లోపమునకును ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యతోనే మెయిలు చిరునామా నేర్పరచినారు. అచట ఖాతాయు అక్కరలేదు.

ఇందు మనకేమి పని యని కొందరు ప్రశ్నింపవచ్చును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ'తో కూడిన ఒక తెలుగు అక్షరపు కూర్పు తెరపైకి వచ్చినంతనే ఆపిల్ వారి ఐఫోనులలో సందేశములు చూపు యాప్‌లు నిలిచిపోయినవి. ఆ నెలలోనే ఆ సంస్థ సవరణను విడుదల చేసినది. వత్తు తన చోట నిలువకున్నను, గుణింతము విడిపోయినను ఇట్టే కనిపెట్టగలవారు తెలుగు చదువరులే. అక్షరములను కూర్చి చూపు హార్ఫ్‌బజ్ అను సాధనమును గూర్చియు, నోటో తెలుగు ఫాంటును గూర్చియు చర్చలు గిట్‌హబ్‌లోనే జరుగుచున్నవి. బడిలో తెలుగు లేని మన పిల్లలు పలువురు తెరపైననే అక్షరములు దిద్దుకొనుచున్నారు. తెర తప్పు చూపినచో వారు తప్పే నేర్తురు.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరము. ఇది ఆంతరంగికమైన జాబు కాదు, లోకమంతయు చదువును. మెయిలు అడుగున తమంతట తామే చేరు ఫోను సంఖ్యలను, ఇంటి చిరునామాలను తీసివేయవలెను. పాత మెయిలును తోకవలె తగిలింపరాదు. వచ్చిన మెయిలును ఇతరులకు పంపరాదు. అందలి చిరునామా మనకై ప్రత్యేకించినది. పిమ్మట వ్యాఖ్యను సవరించినను, ఇదివరకే ఇతరులకు మెయిలుగా చేరిన ప్రతి మారదు. కనుక పంపుటకు ముందే రెండుమార్లు చదువుకొనవలెను. ఏ పరికరమున, ఏ పదమున, ఏ దోషము కనబడినదో క్లుప్తముగా, మర్యాదగా తెలుపవలెను.

అక్షరదోషమును పట్టగల పెద్దలు మన యిండ్లలో ఉన్నారు. ఆంగ్లమున నాలుగు వాక్యములు వ్రాయగల పిల్లలును ఉన్నారు. ఇరువురును ఒకచోట కూర్చుండి ఒక్క జవాబు వ్రాసినచో, దానివలన సవరింపబడిన అక్షరము హోసూరులోను, బరంపురములోను, యానాములోను ఒక్కతీరున కనబడును. ఆ పని ఈ వారమే ఆరంభింతురు గాక యని మా విన్నపము.