బొంతల సమాజము - వక్తల నెన్నుకొనుట



బొంతను గూర్చి ఉపన్యాసమేమని కొందరు నవ్వవచ్చును. పాత నూలుచీరలను, పంచెలను ఉదికి ఆరవేసి, ఒకదానిపై నొకటి పరచి, గట్టిచీర నొకదానిని పైన వేసి, వరుసవరుసగా దారపుకుట్లు వేసినచో బొంత యగును. పసికందును పరుండబెట్టుట కదియే. ముదుసలి చలికి కప్పుకొనుట కదియే. ఇంటింట నుండుటచేతనే మన కది చులకన యైనది. ఇట్టిపనినే బెంగాలువారు కాంథా యనియు, బీహారువారు సుజనీ యనియు నందురు. అమెరికాలో అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. ఆ ప్రాంతపు నల్లజాతి స్త్రీలు 1966లో సహకార సంఘముగా నేర్పడి తమ బొంతల నమ్ముకొనిరి. 2002లో ఆ పల్లెవారి బొంతలను హ్యూస్టన్ నగరపు చిత్రశాలలో గోడలకు వ్రేలాడదీసి చూపగా, జనులు చిత్రపటములను చూచినట్లు చూచిరి.

అన్యదేశములలో బొంతలు కుట్టువారు సంఘములుగా చేరి కూడుట వాడుక. బ్రిటిషు దీవులలో 1979లో అట్టి సంఘ మొకటి వెలసినది. ఇట్టి సంఘములలో ఏడాది కార్యక్రమమును నిర్ణయించి వక్తలను పిలుచుట యొక సభ్యురాలికి అప్పగింపబడును. సమాజమును స్థాపించుట సులభము. రెండవయేట గూడ సభ్యులు విసుగులేక వచ్చునట్లు చేయుట కష్టము. ఆ భారమంతయు ఈమెపైననే యుండును.

మనకును ఇది క్రొత్త కాదు. 1902లో మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పిన బండారు అచ్చమాంబగారు, మరుసటియేట ఊరూర తిరిగి ఉపన్యసించి సమాజములను పుట్టించిరి. ఆనాడు వక్త యూరివారిని వెదకుకొని వచ్చెను. నేడు మనము వక్తను వెదకుకొని పోవలెను.

హైదరాబాదులో అమీర్‌పేట, పంజాగుట్టల నడుమ అట్టి బొంతల సమాజ మొకటి యేర్పడిన దనుకొందము. అమీర్‌పేటలో గోడగోడకు కంప్యూటరు విద్య నేర్పుదుమను పలకలే. పల్లెల నుండి వచ్చిన యువతులు అచటి హాస్టళ్లలో వేలకొలది యున్నారు. 2017లో మొదలైన మెట్రో రైలుమార్గములు రెండు అచటనే కలియును గనుక, నగరపు నలుమూలలనుండి చేరుట తేలిక. నేర్చుకొనువారికి కొదువలేదు; నేర్పువారు కావలయును.

మొదట తిథులు చూడవలెను. ఆషాఢమున బల్కంపేట ఎల్లమ్మ కల్యాణమునాడు ఆ త్రోవలలో అడుగు పెట్ట వీలుకాదు. బతుకమ్మ తొమ్మిది దినములు స్త్రీలకు తీరిక యుండదు. రంజాను మాసమున సాయంకాలపు కూటము పెట్టినచో ముసల్మాను సోదరీమణులను రావలదన్నట్లే యగును. ఇవి విడిచి నెలకొక ఆదివారము చొప్పున పండ్రెండు కూటములు చాలును. అందు ఆరింట కుట్టుపనియే జరుగవలెను. మాటలు వినుటకే యెవరును నెలనెలా రారు. ఒకనాడు ప్రదర్శనము, ఒకనాడు లెక్కలును మరుసటియేటి యోచనయు. మిగిలిన నాలుగు కూటములే వక్తలవి.

ముగ్గురు వక్తలు సులభముగా దొరకుదురు. అమీర్‌పేట బట్టల యంగడిలో పనిచేసి తలనెరసిన వర్తకుని పిలిచినచో, నూలునకు, పాలియెస్టరునకు భేదము నిప్పుతో చూపును. నూలుపోగు కాగితమువలె కాలి బూడిద యగును. పాలియెస్టరు కరిగి గట్టిపూస యగును. పోచంపల్లినుండి నేతగాని రప్పించినచో, నేయుటకు ముందే నూలునకు కట్లుకట్టి రంగులద్దు పద్ధతిని చెప్పును. అమీర్‌పేటలోనే సారథీ స్టూడియో యున్నది. చలనచిత్రములకు దుస్తులు కుట్టిన దర్జీ, చిన్నముక్కలను వృథాచేయక కలుపు నేర్పు చూపగలడు. వీరికి నెలదినములు ముందుగా తేది, వేళ, వినువారి సంఖ్య, ఇయ్యదలచిన సొమ్ము స్పష్టముగా తెలుపవలెను. ఎవరైన రాలేకపోయినచో ఆనాటికి చేయదగిన పని యొకటి సిద్ధముగా నుండవలెను.

నాలుగవ వక్తయే ముఖ్యురాలు. ఆమె యేనాడును ఉపన్యసించి యెరుగదు. ఆమె మీ యింటి అవ్వ.

ఆమెను కనుగొను మార్గము హాస్టలులోనే యున్నది. పల్లెనుండి వచ్చిన పిల్ల పెట్టెలో బొంత యున్నచో, "ఇది యెవరు కుట్టిరమ్మా?" యని యడుగవలెను. అవ్వ కుట్టినదను మాట వచ్చిన చోటనే వక్త దొరకినది. కొందరు అవ్వలు కుమారుల యిండ్లకో, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికో వచ్చి కొన్నాళ్లు నగరమున నుందురు. ఆరోగ్యము బాగున్నచో అట్టివారిని అడుగవచ్చును.

అడుగగానే ఆమె "నాకేమి తెలుసు బిడ్డా" యనును. అంతటితో వెనుదిరుగరాదు. వేదికయెక్కి మాటలాడుమని కోరరాదు. చాప పరచి, సూదియు బట్టయు చేతికిచ్చి, ఒక పిల్ల పక్కన కూర్చుండి ప్రశ్నింపవలెను, వేరొకతె వ్రాసికొనవలెను. పొరలు జారకుండ మొదటి కుట్టెక్కడ వేయుదువు? మూల యెట్లు మడతువు? ఎన్ని చీరలు పట్టును? చేయి చేయుచుండగా నోరు దానంతట తెరచుకొనును.

మర్యాద విషయమున నొకమాట. పసుపుకుంకుమలిచ్చి గౌరవించుట మన యాచారము. కాని బొంతపని తెలిసిన వృద్ధులలో భర్తను పోగొట్టుకొన్నవారు పెక్కురు. ముసల్మాను స్త్రీలును గలరు. పదిమందిలో కొందరి కిచ్చి కొందరిని విడిచినచో, పిలిచి అవమానించినట్లగును. కావున అందరికిని ఒకేవిధముగా వస్త్రము, దారిఖర్చు, సొమ్ము నియ్యవలెను. చదువుకొన్న వక్తకు కవరులో సొమ్మిచ్చి, అవ్వ చేతిలో రెండు పండ్లు పెట్టి పంపుట న్యాయము కాదు. ఆమె తెచ్చిన విద్య తక్కువది కాదు.

పెద్దలారా, ఇందు మీ పాత్ర యున్నది. నేడు ఇండ్లలో నూలుచీరలు తగ్గి పాలియెస్టరు చీరలు పెరిగినవి. అవి చెమట పీల్చవు. వానితో కుట్టిన బొంత పసిబిడ్డకు హితము కాదు. బట్ట మారినది, అంగడి దుప్పటి వచ్చినది. కోడండ్రు సూది పట్టుట మానిరి. ఇక పని తెలిసిన చేతులు ముదుసళ్లవే. ఆ చేతులు పోయినపిదప ఎంతటి వక్తను పిలిచినను లాభము లేదు. చిత్రశాలలో బొంత యుండును గాని కుట్టు విధము చెప్పువారుండరు.

కావున నగరమునుండి మీ మనుమరాలు, "అవ్వను మా సమాజమునకు పంపుడు" అని యడిగినప్పుడు, "ఆ ముసలిదాని కేమి తెలియును" అనకుడు. తోడునిచ్చి పంపుడు. పంపలేనిచో, ఈ వేసవిలోనే మీ యరుగుమీద ఆమెను కూర్చుండబెట్టి, నలుగురు పిల్లలను చుట్టును చేర్చుడు. సమాజమునకు మొదటి కూటము అదియే యగును.